ఎక్స్‌ఎంఎల్ ఫైల్ అడిగేవాళ్లు దాని స్కీమా కూడా ఇవ్వాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. డేటా ఎంట్రీ, డిజిటల్ ఎడిటింగ్, బ్యాక్ ఆఫీస్ అంటూ మీ జిల్లా పేజీల్లో ఉద్యోగ ప్రకటనలు తరచూ కనిపిస్తుంటాయి. వాటిలో చేరిన మన విశాఖ పిల్లల్లో చాలామంది రోజంతా కూర్చుని దిద్దేది ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లనే. ఆ పని గురించి, అందులో వాళ్లు అనవసరంగా పడుతున్న అవస్థ గురించి పేపర్లలో ఎక్కడా పెద్దగా రాదు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను. వీలైనంత వరకు కత్తిరించకుండా వేయమని కోరుతున్నాను.

నేను ఈ ఊళ్లోనే, విదేశీ సైన్స్ జర్నళ్ల వ్యాసాలను ఎక్స్‌ఎంఎల్‌లోకి మార్చే ఒక సంస్థలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేది కూడా నేనే. నేను అడిగేది ఒక్కటే. ఏ ఆఫీసైనా, ఏ కంపెనీ అయినా మనల్ని ఎక్స్‌ఎంఎల్ ఫైల్ పంపమని అడిగితే, ఆ ఫైల్ ఏ నియమాల ప్రకారం ఉండాలో చెప్పే స్కీమా ఫైల్‌ను కూడా మన చేతికివ్వాలి. ఎక్స్‌ఎంఎల్ నేర్పే కాలేజీలు, ట్రైనింగ్ సెంటర్లు కూడా స్కీమాను పక్కన పెట్టుకునే పాఠం మొదలుపెట్టాలి.

విషయం తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. సమాచారంలో ఏ ముక్క ఏమిటో పేరు తగిలించి రాసే పద్ధతి ఎక్స్‌ఎంఎల్. 1998 ఫిబ్రవరిలో, వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ దీన్ని ప్రమాణంగా విడుదల చేసింది. పేర్లు ఇంగ్లిష్‌లోనే ఉండాలన్న రూలేమీ లేదు. తెలుగులో రాసినా పూర్తిగా చెల్లుతుంది. అందుకే నా మొదటి పాఠం ఎప్పుడూ ఇలా ఉంటుంది:

<చిరునామా>
  <వీధి>ఎంవీపీ కాలనీ</వీధి>
  <ఊరు>విశాఖపట్నం</ఊరు>
  <పిన్>530017</పిన్>
</చిరునామా>

కోణపు బ్రాకెట్ల మధ్య రాసిన పేరునే ట్యాగు అంటాం. ఇందులో చూసుకోవాల్సినవి రెండు రకాలు. తెరిచిన ట్యాగును మూశామా, లోపల తెరిచినదాన్ని లోపలే మూశామా, కంపెనీ పేరులో '&' గుర్తు ఉంటే దాన్ని ఉన్నదున్నట్టు పెట్టకుండా దానికున్న కోడ్‌తో రాశామా అనేవి మొదటి రకం. ఇది ఎక్స్‌ఎంఎల్ వ్యాకరణం. ఎక్స్‌ఎంఎల్ దిద్దడానికి వాడే ఏ ఎడిటర్ సాఫ్ట్‌వేర్ అయినా ఎర్రగీత గీసి చూపిస్తుంది. రెండో రకం అలా కాదు. వీధి ముందు రావాలా ఊరు ముందు రావాలా, పిన్ తప్పనిసరా, ఉంటే ఎన్ని అంకెలుండాలి, ఫోన్ నంబర్ ఒకటే ఇవ్వాలా మూడు ఇచ్చినా పర్వాలేదా - ఇవన్నీ ఆ ఫైల్ అడిగినవాళ్లు పెట్టుకున్న నియమాలు. కంప్యూటర్‌కు వాటంతట అవి తెలియవు. వాటిని రాసి ఉంచేదే స్కీమా. ఎక్కువ చోట్ల వాడే రకం ఎక్స్‌ఎస్‌డీ, అది 2001 మే నెలలో వచ్చింది. రిలాక్స్ ఎన్‌జీ అని ఇంకోటి ఉంది, దానికంటే పాతదైన డీటీడీ కూడా ఉంది. మా జర్నళ్ల పనిలో ఇప్పటికీ డీటీడీనే ఎక్కువ.

వ్యాకరణం సరిగ్గా ఉన్న ఫైల్ స్కీమా దగ్గర ఫెయిలవడం రోజూ జరిగేదే. అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

గాజువాక అమ్మాయి ఒకతె ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ పని చేసే చిన్న యూనిట్‌లో అకౌంట్స్ చూస్తోంది. వాళ్ల నాన్నగారు మాకు బాగా తెలిసినవారు. ఆ యూనిట్ సరుకు ఇచ్చే ఒక పెద్ద కంపెనీ, ప్రతి నెలా పంపిన సరుకు, తీసుకెళ్లిన లారీలు, బిల్లుల వివరాలన్నీ ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌గా తమ పోర్టల్‌లో ఎక్కించమంటుంది. ఎక్కిస్తేనే బిల్లు పాసవుతుంది. ఒకసారి ఆ ఫైల్ ఎన్నిసార్లు పెట్టినా "ఫైల్ చెల్లదు" అన్న ఒక్క మాటే వస్తోంది. ఏ లైన్‌లో, ఎందుకు అన్నది లేదు. ఆ అమ్మాయి తారీఖులు మార్చి చూసింది, మొత్తాలు మళ్లీ కూడింది, పేర్లలో చుక్కలు తీసేసింది. ఇంతలో బాగున్న నాలుగు చోట్ల కూడా ఏదో ఒకటి మారిపోయింది. రాత్రి పొద్దుపోయాక ఫోన్ చేసి, "ఆంటీ, రేపు మధ్యాహ్నంలోగా వెళ్లకపోతే మా సార్‌కి ఈ నెల పేమెంట్ ఆగిపోతుంది" అని ఏడుపు గొంతుతో చెప్పింది. జీతాలు ఇవ్వాల్సింది ఆ పేమెంట్ నుంచే.

"స్కీమా పంపమ్మా, చూస్తాను" అన్నాను. ఆ అమ్మాయి దగ్గర లేదు. మర్నాడు పొద్దున్నే ఆ కంపెనీవాళ్లను అడిగిస్తే, అది వాళ్ల లోపలి ఫైల్ అనీ, బయటికి ఇవ్వరనీ చెప్పారు. చివరికి అంతకుముందు నెల పాసైన ఫైల్‌ను పక్కన పెట్టుకుని లైను లైనూ పోల్చి చూడాల్సి వచ్చింది. ఆ నెలలో కొత్తగా ఒక లారీ ఓనర్ వచ్చాడు. ఒకే లారీ ఉన్న మనిషి, జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ లేదు. కాగితం ఫారం మీద అయితే ఆ గడి ఖాళీగా వదిలేస్తాం కదా. ఆ అమ్మాయి కూడా అలాగే చేసింది. జీఎస్‌టీ నంబర్ ట్యాగు తెరిచి, లోపల ఏమీ రాయకుండా మూసింది.

ఎక్స్‌ఎంఎల్‌లో ఖాళీగా ఉండటం వేరు, అసలు లేకపోవడం వేరు. స్కీమాలో ఒక వివరం ఐచ్ఛికం అని ఉందంటే, ఆ ట్యాగు మొత్తాన్నే వదిలేయవచ్చని అర్థం. ట్యాగు పెట్టాక మాత్రం లోపల ఉన్నది నియమానికి సరిపోవాల్సిందే. జీఎస్‌టీ నంబర్‌కు 15 అక్షరాలు ఉండాలని నియమం ఉంటే, సున్నా అక్షరాలు అందులో ఇమడవు. ఆ ఖాళీ ట్యాగును తీసేయగానే ఫైల్ వెళ్లిపోయింది. స్కీమా చేతిలో ఉంటే ఎడిటర్ ఆ లైన్ కిందే గీత గీసి, ఖాళీ విలువ ఈ ప్యాటర్న్‌కు, అంటే అక్షరాలు ఉండాల్సిన తీరుకు, సరిపోలేదని టైప్ చేస్తుండగానే చెప్పేది. ఒక రాత్రి నిద్ర, ఒక పూట పని, అంత టెన్షన్ - అన్నీ తప్పేవి.

కొలతలు చెప్పకుండా తలుపు చేసి తెమ్మని వడ్రంగికి పురమాయించి, తెచ్చాక గుమ్మానికి పట్టలేదని తిప్పి పంపితే ఎవరైనా ఊరుకుంటారా? ఫైళ్ల విషయంలో మాత్రం అందరం ఊరుకుంటున్నాం. తప్పు మనదేనేమో అని పిల్లలు భయపడుతున్నారు. వాళ్లను పనిలో పెట్టుకున్న చిన్న యజమానులకు విషయం తెలియక పిల్లల్నే కోప్పడుతున్నారు.

స్కీమా ఉన్నంత మాత్రాన అంతా అర్థమైపోతుందని నేను అనడం లేదు. తప్పుల సందేశాలు చదవడం కూడా నేర్పాలి. జావా మీద నడిచే చాలా టూల్స్‌లో "సీవీసీ కాంప్లెక్స్ టైప్ 2.4.ఎ" అని మొదలయ్యే సందేశం ఒకటి వస్తుంది. అది చూడగానే కొత్తవాళ్ల మొహాలు వాడిపోతాయి. దాని అర్థం చాలా మామూలు. ఫలానా ట్యాగు ఇక్కడికి వచ్చింది గానీ, స్కీమా ప్రకారం ఇక్కడ రావాల్సింది వేరే ట్యాగు అని. ఆ రావాల్సినవేమిటో కూడా సందేశం చివర బ్రాకెట్లలో రాసే ఉంటుంది. నేను పైన రాసిన చిరునామాలో వీధి, ఊరు, పిన్ అదే వరసలో రావాలని స్కీమా చెబుతోందనుకోండి. ఎవరైనా ఊరు మర్చిపోయి వీధి తర్వాత నేరుగా పిన్ రాస్తే, ఎడిటర్ పిన్ దగ్గర ఎర్రగీత పెడుతుంది. పిల్లలు ఆ పిన్‌ను పట్టుకుని 530017ను ఆరు రకాలుగా దిద్దుతారు. పిన్‌లో ఏ లోపమూ లేదు. దాని ముందు ఉండాల్సింది లేదు. గీత కనిపించిన చోట ఆగకుండా పైలైన్ చూడాలన్నది వాళ్లకు ఒక్కసారి అలవాటైతే సగం పని తేలికవుతుంది.

ఇక తెలుగు డేటా విషయానికి వద్దాం. స్కీమాలు రాసేవాళ్లు కూడా మన ఊళ్లల్లోనే ఉన్నారు కాబట్టి ఇది వాళ్లు కూడా చదవాలి.

పేరుకు గరిష్ఠంగా ఇన్ని అక్షరాలు అని స్కీమాలో పెడతారు. ఇంగ్లిష్ పేర్లను మనసులో పెట్టుకుని పెట్టిన లెక్క అది. స్కీమా లెక్కపెట్టేది మనం బడిలో నేర్చుకున్న అక్షరాలను కాదు, కంప్యూటర్లలో అన్ని భాషల లిపులకూ వాడే యూనికోడ్‌లోని ఒక్కొక్క సంకేతాన్ని. "విశాఖపట్నం" మన లెక్కలో 5 అక్షరాలు. స్కీమా లెక్కలో 10. గుడి, దీర్ఘం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "సూర్యనారాయణమూర్తి" అన్న పేరులో మనకు కనిపించేవి 8 అక్షరాలు. స్కీమాకు 17. పేరుకు 15 అని పరిమితి పెడితే ఆయన ఇంటిపేరు చేర్చకముందే గేటు బయట నిలబడాల్సిందే. తెలుగు తీసుకునే ఏ ఫీల్డుకైనా పరిమితి పెట్టేముందు మన పేర్లతో, మన ఊళ్ల పేర్లతో ఒకసారి సరిచూసుకోవడం పెద్ద పనేమీ కాదు.

అంకెల దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఎక్స్‌ఎస్‌డీ ప్యాటర్న్‌లలో 'అంకె' అని చెప్పడానికి ఒక పొట్టి సంకేతం ఉంది. ముందు బ్యాక్‌స్లాష్ (\) పెట్టి రాసే ఇంగ్లిష్ 'డి'. చాలామంది పిన్‌కోడ్‌కు అదే ఆరుసార్లు అని రాసేస్తారు. ఎక్స్‌ఎస్‌డీలో ఆ సంకేతానికి అర్థం 0 నుంచి 9 వరకు మాత్రమే కాదు. యూనికోడ్‌లో అంకెగా గుర్తించినదేదైనా అందులోకి వస్తుంది. అంటే ఎవరైనా ౫౩౦౦౧౭ అని తెలుగు అంకెల్లో రాసినా స్కీమా సరేనంటుంది. ఆ తర్వాత లోపలి డేటాబేస్‌లో అది ఎక్కడో ఇరుక్కుంటుంది. మన పిన్‌కోడ్‌కు మొదటి అంకె 1 నుంచి 9 లోపు, మిగిలిన అయిదూ 0 నుంచి 9 లోపు అని విడమర్చి రాస్తే ఈ గొడవ ఉండదు. అదే ఫీల్డును పూర్ణసంఖ్య అనే రకంగా పెడితే తెలుగు అంకెలు వెళ్లవు. కానీ అప్పుడు 530017 ముందు సున్నాలు తగిలించినా చెల్లిపోతుంది. పిన్‌కోడ్‌తో కూడికలు, తీసివేతలు చేయం కాబట్టి దాన్ని అక్షరాల వరసగానే ఉంచి, ప్యాటర్న్ సరిగ్గా రాయడమే మేలని నా అభిప్రాయం.

తెలుగులో ట్యాగుల పేర్లు పెట్టి అభ్యాసం చేయించేటప్పుడు నేను పిల్లలకు తప్పకుండా చూపించేది ఇంకొకటి ఉంది. "ఫోన్" అన్న మాట చివర పొల్లు తర్వాత, మన కీబోర్డులు ఒక్కోసారి కంటికి కనిపించని ఒక సంకేతాన్ని కలుపుతాయి. పక్క అక్షరం వచ్చి ఒత్తుగా మారకుండా ఆపేందుకు పెట్టేది. తెరిచే ట్యాగులో అది ఉండి, మూసే ట్యాగులో లేకపోతే, తెరమీద రెండూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి. ఎడిటర్ మాత్రం తెరిచింది ఒకటి, మూసింది ఒకటి అంటుంది. పిల్లలు కళ్లు చికిలించి ఎంతసేపు చూసినా తేడా దొరకదు. కనిపించని సంకేతాలను చూపించే సెట్టింగ్ ఆన్ చేయగానే అక్కడ చిన్న గుర్తు బయటపడుతుంది. అది చూసినప్పుడు వాళ్ల కళ్లల్లో వచ్చే వెలుగు నాకు ఎంతో ఇష్టం. కంప్యూటర్ మొండికేయడం లేదు, తనకు కనిపించిందే చెబుతోంది అన్న నమ్మకం వాళ్లకు అప్పుడు కుదురుతుంది.

తారీఖుల సంగతి సరే సరి. మనం రోజు, నెల, సంవత్సరం వరసలో రాస్తాం. ఎక్స్‌ఎస్‌డీ తేదీ రకం సంవత్సరంతో మొదలవుతుంది. హుద్‌హుద్ తుపాను మన ఊరిని తాకిన రోజును 2014-10-12 అని రాయాలి. 12-10-2014 అంటే ఒప్పుకోదు. 2014-12-10 అని నెలా రోజూ తారుమారు చేసి రాస్తే మాత్రం ఒప్పుకుంటుంది. ఎందుకంటే డిసెంబరు 10 కూడా సరైన తేదీయే. స్కీమా పాసైందంటే ఫైల్ రూపం సరిగ్గా ఉందని మాత్రమే, అందులో ఉన్నది నిజమని కాదు. ఈ తేడాను నేర్పకపోతే, ఆకుపచ్చ టిక్కు చూసి ఇంటికెళ్లిపోయే అలవాటు పడుతుంది. మా పనిలో అయితే అది ఒక శాస్త్రవేత్త వ్యాసంలో తప్పు తేదీగా ప్రపంచమంతా తిరుగుతుంది.

రూపం దాటి ఇంకొంచెం లోతుగా చూసే నియమాలు కూడా రాయవచ్చు. జీఎస్‌టీ నంబర్‌నే తీసుకోండి. మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్, మన ఆంధ్రప్రదేశ్‌కు 37. ఆ తర్వాత 10 అక్షరాలు ఆ వ్యాపారి పాన్ నంబర్. 15 అక్షరాలు ఏ తీరులో ఉండాలో స్కీమా చూడగలదు. అదే ఫైల్‌లో ఇంకోచోట ఇచ్చిన పాన్ నంబర్, జీఎస్‌టీ నంబర్ లోపలున్న పాన్ ఒకటేనా అన్నది 2001 నాటి ఎక్స్‌ఎస్‌డీతో చెప్పలేం. అలాంటి పోలికల కోసమే రిక్ జెలిఫ్ అనే ఆయన స్కీమట్రాన్ అనే పద్ధతిని తయారు చేశారు. 2006లో అది ఐఎస్ఓ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణం అయింది. దాని గొప్పతనమేమిటంటే, నియమం రాసేవాళ్లే తప్పు సందేశాన్ని కూడా తమ సొంత మాటల్లో రాస్తారు. "ఈ జీఎస్‌టీ నంబర్‌లోని పాన్, పైన ఇచ్చిన పాన్‌తో కలవడం లేదు, ఒకసారి చూడండి" అని శుభ్రమైన తెలుగులో రాసిపెట్టవచ్చు. ఎక్స్‌ఎస్‌డీలో కూడా ప్రతి వివరం పక్కన వివరణ రాసే చోటు ఉంటుంది, ఆ వివరణ ఏ భాషలో ఉందో చెప్పే వీలు కూడా ఉంటుంది. అక్కడ తెలుగులో రెండు ముక్కలు రాస్తే, ఎడిటర్‌లో ఆ ట్యాగు మీద మౌస్ పెట్టగానే అవి కనిపిస్తాయి. "రిజిస్ట్రేషన్ లేనివారికి ఈ ట్యాగు మొత్తం వదిలేయండి" అన్న ఒక్క వాక్యం అక్కడ ఉండి ఉంటే ఆటోనగర్ అమ్మాయికి ఆ రాత్రి ఫోన్ చేయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

ఇదంతా బిల్లుల గొడవ, మనకెందుకులే అని ఎవరూ అనుకోవద్దు. తుపాను, పిడుగుల హెచ్చరికలు మన ఫోన్లకు వస్తున్నాయి కదా. వాటి వెనక ఉన్నది కూడా ఎక్స్‌ఎంఎలే. కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ ప్రమాణం అది. మన దేశంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి సచేత్ వేదిక దాని మీదే నడుస్తుంది. ఆ ప్రమాణానికి ఉన్న స్కీమా అందరికీ అందుబాటులో ఉంది, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. తీవ్రత అన్న చోట ఇష్టమొచ్చిన మాట రాయడానికి వీల్లేదు. అతి తీవ్రం, తీవ్రం, మధ్యస్థం, స్వల్పం, తెలియదు అన్న అర్థాలున్న అయిదు మాటల్లో ఒకటే ఉండాలి. సమయం రాస్తే మన ప్రాంతపు +05:30 తేడాతో సహా పూర్తిగా రాయాలి. ఒక చోట హెచ్చరిక తయారుచేసేవారికీ, ఇంకో చోట దాన్ని అందుకుని మెసేజ్‌గా మార్చే యంత్రానికీ మధ్య అపార్థం రాకుండా ఉండటానికే ఇంత కట్టుదిట్టం. ప్రమాద ప్రాంతాన్ని మ్యాప్ మీద గీసే బిందువుల వరసలో మొదటిదీ చివరిదీ ఒకటే కావాలన్న నియమం మాత్రం స్కీమాకు అందదు. దాన్ని విడిగా సరిచూడాలి. ప్రాణాల మీదికి వచ్చే చోట నియమాలను అంత బాహాటంగా పెట్టగలిగినప్పుడు, సరుకు లిస్టు ఫైల్ నియమాల్లో దాచుకోవాల్సిందేముందో నాకు అర్థం కాదు.

మన దగ్గరే మంచి పద్ధతులు లేకపోలేదు. ఆదాయపు పన్ను శాఖ రిటర్నులకు ఒకప్పుడు ఎక్స్‌ఎంఎల్ తీసుకునేది, 2021-22 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి జేసన్ అనే వేరే ఫైల్ పద్ధతికి మారింది. అప్పుడూ ఇప్పుడూ స్కీమాను, సరిచూసే నియమాల పత్రాన్ని తమ పోర్టల్‌లో డౌన్‌లోడ్‌కు పెడుతోంది. ఏ నియమం తప్పితే రిటర్ను అసలు వెళ్లదో కూడా అందులో రాసి ఉంటుంది. పెద్ద కంపెనీల బ్యాలెన్స్ షీట్లు ఎక్స్‌బీఆర్‌ఎల్ (లెక్కల నివేదికల కోసం ఉన్న ఒక రకం ఎక్స్‌ఎంఎల్)లో తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు కంపెనీ వ్యవహారాల శాఖ, ఫైల్ పంపేముందు ఇంట్లోనే సరిచూసుకునే టూల్‌ను ఉచితంగా ఇచ్చింది. దేశమంతటికీ కేంద్ర ప్రభుత్వ శాఖలు ఇవ్వగలిగినదాన్ని, కొద్దిమంది సప్లయర్లకు ఒక కంపెనీ ఇవ్వలేదా?

స్కీమా ఇస్తే భద్రతకు ముప్పు అని కొందరు అంటున్నారు. ఇది నాకు చాలాసార్లు ఎదురైన మాట. స్కీమాలో ఎవరి డేటా ఉండదు. ఏ గడిలో ఎలాంటి విలువ ఉండాలన్నది మాత్రమే ఉంటుంది. నిజానికి ఇవ్వకపోవడం వల్లే ముప్పు. స్కీమా, టూల్ చేతిలో లేని పిల్లలు ఏం చేస్తున్నారో తెలుసా? నెట్‌లో "ఉచితంగా సరిచూస్తాం" అనే ఏదో ఒక సైట్ వెతికి, యజమాని ఫైల్‌ను తీసుకెళ్లి అందులో పోస్తున్నారు. ఆ ఫైల్‌లో పాన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, డ్రైవర్ల ఫోన్ నంబర్లు అన్నీ ఉంటాయి. ఆ సైట్ ఎవరిదో, ఆ ఫైల్ అక్కడ ఎన్నాళ్లు ఉంటుందో ఎవరికీ తెలియదు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లోనే వచ్చిందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. పిల్లల్ని తప్పుపట్టలేను. వాళ్లకు వేరే దారి చూపించలేదు.

దారి ఉంది, ఖర్చు కూడా లేదు. విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్ ఉచితం. దానికి రెడ్‌హ్యాట్ వారి ఎక్స్‌ఎంఎల్ ఎక్స్‌టెన్షన్ కలిపితే, స్కీమా ఎక్కడుందో చూపించగానే టైప్ చేస్తున్నంతసేపూ తప్పులు చూపిస్తుంది, తర్వాత రావాల్సిన ట్యాగు ఏదో కూడా సూచిస్తుంది. ఫైల్ మన కంప్యూటర్ దాటి ఎక్కడికీ పోదు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌కు ఎక్స్‌ఎంఎల్ టూల్స్ అనే ప్లగిన్ ఉంది. పాత కంప్యూటర్ అయినా ఎక్స్‌ఎంఎల్‌లింట్ అనే కమాండ్ చకచకా పనిచేస్తుంది. ఫోల్డర్‌లో వందల ఫైళ్లున్నప్పుడు నేను దాన్నే వాడతాను. ఆక్సిజన్ లాంటి డబ్బు పెట్టి కొనే ఎడిటర్ మా ఆఫీసులో ఉంది, చాలా మంచిది. కానీ నేర్చుకోవడానికి అది లేకపోతే కుదరదని ఎవరైనా అంటే నమ్మవద్దు.

మద్దిలపాలెం, ద్వారకానగర్ చుట్టుపక్కల కంప్యూటర్ సెంటర్లలో ఎక్స్‌ఎంఎల్ నేర్చుకుని మా దగ్గరికి వచ్చే పిల్లల్ని చూస్తుంటాను. ట్యాగులు తెరవడం, మూయడం వచ్చు. స్కీమా అన్న మాట నోట్సులో ఒక నిర్వచనంగా ఉంటుంది, పరీక్షకు బట్టీ పట్టిన గుర్తు ఉంటుంది. స్కీమా ఇచ్చి, తప్పుల ఫైల్ ఒకటి ముందు పెట్టి, దిద్దమని ఎవరూ అడిగి ఉండరు. తెలివితేటలకు కొదవ లేదు. శ్రీకాకుళం నుంచి, అనకాపల్లి నుంచి వచ్చిన పిల్లలు వారం తిరిగేసరికి నాకే కొత్త షార్ట్‌కట్లు చూపిస్తారు. ఆ వారం రోజుల పని కాలేజీలోనే జరిగి ఉంటే, ఇంటర్వ్యూలో ధైర్యంగా కూర్చునేవారు, ఇంకొంచెం మంచి జీతం అడిగేవారు. ల్యాబ్ పరీక్షలో ఖాళీ ఫైల్ ఇచ్చి ఎక్స్‌ఎంఎల్ రాయమనే బదులు, ఒక స్కీమాను, చెల్లని ఫైల్‌ను కలిపి ఇచ్చి, స్కీమాను ముట్టుకోకుండా ఫైల్‌ను చెల్లేలా చేయమని అడగండి. ఏ తప్పు ఎందుకు వచ్చిందో తెలుగులో రెండు వాక్యాలు రాయమనండి. పిల్లలకు పని వచ్చో రాదో అందులో తేలిపోతుంది. ఏ సెంటర్‌వారైనా కోరితే, మా ఆఫీసు డేటా ఏదీ లేకుండా నేను సొంతంగా తయారుచేసుకున్న అభ్యాసం ఫైళ్లు ఇస్తాను, సెలవు రోజుల్లో వచ్చి చెబుతాను కూడా. డబ్బేమీ వద్దు.

చిన్న యూనిట్ల యజమానులకు ఒక మనవి. ఎక్స్‌ఎంఎల్ పంపాలన్న షరతు మీ ఒప్పందంలో ఉంటే, స్కీమా ఫైల్ కావాలని ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. దాని వెర్షన్ నంబర్, ఏ తారీఖు నుంచి అమల్లో ఉందో కూడా అడగండి. ఎందుకంటే కొన్ని చోట్ల స్కీమాను చెప్పాపెట్టకుండా మారుస్తున్నారు. మార్చిలో పాసైన ఫైల్ లాంటిదే ఏప్రిల్‌లో తిరిగొస్తుంది, తప్పు మాత్రం మీ గుమాస్తా నెత్తిన పడుతుంది. మార్పు చేస్తే కనీసం ఒక నెల ముందు కొత్త స్కీమాను, పాతదానికీ దానికీ తేడాలేమిటో చెప్పే కాగితాన్ని పంపాలని, తిప్పి పంపిన ఫైల్‌కు లైన్ నంబర్‌తో సహా కారణం చెప్పాలని అందులోనే రాయండి. ఆటోనగర్ యూనిట్ యజమాని గారు అలా రాశారు. ఇంకా జవాబు రాలేదు. ఆయన మళ్లీ రాస్తున్నారు, ఈసారి అదే కంపెనీకి సరుకు ఇచ్చే మరికొందరి సంతకాలు కూడా తీసుకుంటున్నారు.

ఇట్లు,
ఒక ఎక్స్‌ఎంఎల్ ఎడిటర్,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం.